రేడియేషన్‌ను తట్టుకునే చిప్‌ను కంప్యూటర్‌పై రూపొందించే పద్ధతి

విజయవాడ, గుంటూరు చుట్టుపక్కల ఇంజనీరింగ్ కళాశాలల్లో వీఎల్‌ఎస్‌ఐ (చిప్ రూపకల్పన) చదివే విద్యార్థులు అంతరిక్షంలో పనిచేసే మెమొరీ సెల్‌నో ఒక బిట్‌ను నిల్వ ఉంచే ఫ్లిప్‌ఫ్లాప్‌నో ప్రాజెక్టుగా తీసుకున్నప్పుడు సాధారణంగా ఒకే చోట ఆగిపోతారు. స్కీమాటిక్, అంటే సర్క్యూట్ చిత్రం గీస్తారు, రేడియేషన్ దెబ్బకు ప్రతిగా ఒక నోడ్‌లోకి, అంటే తీగలు కలిసే బిందువులోకి కరెంటు పంపిస్తారు, నిల్వ ఉన్న విలువ తారుమారు కాలేదని గ్రాఫులో చూపించి నివేదిక ముగిస్తారు. ఆ గ్రాఫు తప్పు కాదు, కానీ దానితో పని సగమే అయింది. స్కీమాటిక్‌లో సాధించిన రక్షణ లేఔట్‌లో, అంటే సిలికాన్‌పై భాగాల అమరికలో, ట్రాన్సిస్టర్ల మధ్య కొన్ని మైక్రాన్ల దూరం తగ్గినందుకే పూర్తిగా పోవచ్చు. కాబట్టి కక్ష్య నుంచి మొదలుపెట్టి లేఔట్‌లోని దూరాల వరకు ప్రతి దశలోనూ ముందు దశ ఇచ్చిన అంకెను వెంట తీసుకువెళ్లే పద్ధతిని ఇక్కడ వివరిస్తాను.

ఇందుకు ఖరీదైన సాఫ్ట్‌వేర్ తప్పనిసరి కాదు. గూగుల్, స్కైవాటర్ సంస్థలు 2020లో అందరికీ అందుబాటులోకి తెచ్చిన 130 నానోమీటర్ల పీడీకే (చిప్ తయారుచేసే ఫ్యాబ్ తన నియమాలను, ట్రాన్సిస్టర్ మోడళ్లను ఇచ్చే ఫైళ్ల కట్ట), స్కీమాటిక్‌కు ఎక్స్‌స్కీమ్, సిమ్యులేషన్‌కు ఎన్‌జీస్పైస్, లేఔట్‌కు మ్యాజిక్, కేలేఔట్, డిజిటల్ సర్క్యూట్లకు యోసిస్, ఓపెన్‌లేన్ ఉంటే చాలు. ఇవన్నీ లైనక్స్ ఉన్న సాధారణ ల్యాప్‌టాప్‌పై నడుస్తాయి. మీ కళాశాల కేంద్ర ప్రభుత్వపు చిప్స్ టు స్టార్టప్ కార్యక్రమంలో ఉంటే బెంగళూరు సీడాక్‌లోని చిప్‌ఇన్ కేంద్రం ద్వారా వాణిజ్య సాఫ్ట్‌వేర్ కూడా దొరుకుతుంది. మొహాలీలోని సెమీకండక్టర్ లేబరేటరీ వారి 180 నానోమీటర్ల ప్రాసెస్‌కు పనిచేసేటట్లయితే అంకెలు మారతాయి గాని పద్ధతి మారదు. ఇస్రో రాకెట్ల కోసం రూపొందించిన విక్రమ్ 3201 ప్రాసెసర్ తయారైంది ఆ 180 నానోమీటర్ల లైనులోనే. అంతరిక్షపు పనికి అతి చిన్న కొలతల ప్రాసెస్ అవసరమేమీ లేదనడానికి ఇంతకంటే దగ్గరి ఉదాహరణ అక్కరలేదు.

ముందు కక్ష్య, తరువాతే సర్క్యూట్

చిప్‌కు రేడియేషన్ చేసే హాని ప్రధానంగా మూడు రకాలు. ఏళ్ల తరబడి ఆక్సైడ్ పొరల్లో పేరుకునే ఛార్జి వల్ల ట్రాన్సిస్టర్ గుణాలు నెమ్మదిగా చెడిపోవడం మొదటిది. దీనిని మొత్తం మోతాదు అంటారు, రాడ్‌లలో కొలుస్తారు, 100 రాడ్‌లు ఒక గ్రే. ఒకే ఒక్క అయాన్ దూసుకుపోయినప్పుడు నిల్వ ఉన్న బిట్ తిరగబడటం, లేదా లాజిక్‌లో క్షణకాలం తప్పుడు పల్స్ పుట్టడం రెండవది. అదే అయాన్ సీమాస్‌లో, అంటే ఎన్‌మాస్, పీమాస్ అనే రెండు రకాల ట్రాన్సిస్టర్లతో చేసే చిప్‌లో, దాగి ఉన్న పీఎన్‌పీఎన్ అనే నాలుగు పొరల నిర్మాణాన్ని మేల్కొలిపి సప్లై నుంచి గ్రౌండ్‌కు భారీ కరెంటు పారించడం మూడవది. ఇది లాచప్, చిప్‌నే కాల్చివేయగలదు.

మొదటి హాని ఎంత నిజమైనదో తెలియడానికి టెల్‌స్టార్ ఉపగ్రహాన్ని గుర్తుచేసుకోవాలి. 1962 జూలై 9న అమెరికా పసిఫిక్ మీదుగా అతి ఎత్తులో జరిపిన అణు విస్ఫోటం భూమి చుట్టూ ఉన్న రేడియేషన్ వలయాల్లోకి ఎలక్ట్రాన్లను కుమ్మరించింది. మరుసటి రోజే కక్ష్యలోకి వెళ్లిన టెల్‌స్టార్‌లో ఆదేశాలను గ్రహించే సర్క్యూట్ ట్రాన్సిస్టర్లు ఆ మోతాదుకు దెబ్బతిన్నాయి. 1963 ఫిబ్రవరి నాటికి అది మూగబోయింది. దాని రూపకర్తలు ఊహించిన వాతావరణం వేరు, అది ఎదుర్కొన్న వాతావరణం వేరు. అందువల్ల సర్క్యూట్ గీయకముందే వాతావరణాన్ని అంకెల్లో రాసుకోవాలి.

ఐరోపా అంతరిక్ష సంస్థ అందించే స్పెన్విస్ అనే ఆన్‌లైన్ సాధనంలో ఉచితంగా ఖాతా తెరవవచ్చు. కక్ష్య ఎత్తు 500 కిలోమీటర్లు, వంపు 97.4 డిగ్రీలు అని ఇస్తే పీఎస్‌ఎల్‌వీ తరచుగా చేర్చే సూర్యానువర్తన కక్ష్య వంటిది వస్తుంది. మిషన్ కాలాన్ని ఇచ్చి, అల్యూమినియం మందాన్ని 1 నుంచి 5 మిల్లీమీటర్ల వరకు మారుస్తూ మోతాదు పట్టికను తీసుకోండి. మీ పెట్టె గోడ మందానికి ఎదురుగా ఉన్న విలువను రెండుతో గుణించి దానినే లక్ష్యంగా రాసుకోండి. పట్టిక సిలికాన్‌లో మోతాదును ఇస్తోందా, వేరే పదార్థంలోదా అన్నది కూడా సరిచూసుకోవాలి.

అయాన్ల విషయంలో అడగవలసిన అంకె లెట్, అంటే అయాన్ తన దారిలో వదిలే శక్తి. దానిని మిల్లీగ్రాముకు మెగా ఎలక్ట్రాన్‌వోల్ట్ చదరపు సెంటీమీటర్లలో చెబుతారు; ఇకపై దీనిని యూనిట్ అని మాత్రమే రాస్తాను. విశ్వకిరణాల్లో ఇనుము కేంద్రకాల వరకు ఓ మోస్తరు సంఖ్యలో ఉంటాయి, ఆపై బరువైనవి బాగా అరుదు. సిలికాన్‌లో ఇనుము అయాన్ వదలగల గరిష్ఠ లెట్ 30 యూనిట్లకు కాస్త తక్కువ కాబట్టి, స్పెక్ట్రమ్ గ్రాఫు ఆ ప్రాంతంలో ఒక్కసారిగా కిందికి పడుతుంది. ప్రోటాన్ నేరుగా వదిలే లెట్ చాలా స్వల్పం. అయితే అది సిలికాన్ కేంద్రకాన్ని ఢీకొన్నప్పుడు ఎగిరే ముక్కలు దాదాపు 15 యూనిట్ల వరకు చేరగలవు. తక్కువ ఎత్తు కక్ష్యల్లో, ముఖ్యంగా దక్షిణ అట్లాంటిక్ మీద రేడియేషన్ వలయం కిందికి దిగే ప్రాంతంలో ప్రోటాన్లే ఎక్కువ. ఈ మూడు విషయాలను బట్టి విద్యార్థి ప్రాజెక్టుకు నేను సూచించే లక్ష్యం ఇది: బిట్ తిరగబడే హద్దు 15 యూనిట్లకు తప్పనిసరిగా పైన, వీలైతే 30కి పైన ఉండాలి, లాచప్ మాత్రం 60 యూనిట్ల వరకు అసలే రాకూడదు, ఎందుకంటే తిరగబడిన బిట్‌ను సరిదిద్దుకోవచ్చు గాని కాలిన చిప్‌ను ఎవరూ వెళ్లి మార్చలేరు.

మొత్తం మోతాదును మోడల్‌లోకి తేవడం

గేటు ఆక్సైడ్‌లో చిక్కుకున్న హోల్స్ (ధన ఛార్జిలు) వల్ల త్రెషోల్డ్ వోల్టేజి, అంటే ట్రాన్సిస్టర్ ఆన్ అయ్యే వోల్టేజి, ఎంత జరుగుతుందన్నది స్థూలంగా ఆక్సైడ్ మందం వర్గానికి అనుపాతంలో ఉంటుంది. 130 నానోమీటర్ల ప్రాసెస్‌లో 1.8 వోల్టుల ట్రాన్సిస్టర్ల ఆక్సైడ్ దాదాపు 4 నానోమీటర్లే కాబట్టి అక్కడ పెద్ద ప్రమాదం లేదు. ప్రమాదం ట్రాన్సిస్టర్ల మధ్య వేరుపరిచే మందపాటి ఆక్సైడ్ అంచున ఉంది. అక్కడ పేరుకున్న ధన ఛార్జి ఎన్‌మాస్ అంచు వెంట సిలికాన్‌ను వాహకంగా మార్చుతుంది. బందరు కాలువ లాకుల తలుపులు పూర్తిగా దించినా గట్టు పక్క నుంచి నీరు ఊటగా జారిపోయినట్లు, గేటు మూసి ఉన్నా డ్రెయిన్ నుంచి సోర్స్‌కు కరెంటు కారుతుంది.

దీనిని ఎన్‌జీస్పైస్‌లో చూపడానికి ప్రతి ఎన్‌మాస్‌కు సమాంతరంగా మరొక సన్నని ఎన్‌మాస్‌ను, అదే గేటు, డ్రెయిన్, సోర్స్‌లతో కలిపి, దాని త్రెషోల్డ్‌ను ఒక పారామీటరుగా ఉంచండి. మోతాదు పెరిగినట్లు చూపాలంటే ఆ పారామీటరును తగ్గిస్తూ పోవాలి. ఏ మోతాదుకు ఎంత తగ్గించాలన్నది ఆ ఫ్యాబ్‌లో చేసిన కొలతల నుంచే రావాలి. మీ ప్రాసెస్‌కు అటువంటి కొలతలు దొరకనప్పుడు విలువను ఊహించి రాయడం కంటే ప్రశ్నను తిప్పి వేయడం నిజాయితీ గల పని: ఈ సర్క్యూట్ ఎంత లీకేజి వరకు సరిగా పనిచేస్తుంది? ఆ హద్దును నివేదికలో రాస్తే తరువాత కొలత చేసేవారికి పోల్చుకోవడానికి ఒక అంకె ఉంటుంది. కనీస వెడల్పు గల ట్రాన్సిస్టర్లను మాత్రం వాడకండి. వెడల్పు తగ్గేకొద్దీ అంచు ప్రభావం ఛానెల్ మొత్తాన్ని ఆక్రమిస్తుంది.

డ్రెయిన్ చుట్టూ గేటును వలయంగా తిప్పే ట్రాన్సిస్టర్లను వాడితే ఈ అంచే ఉండదు. కానీ అవి ఎక్కువ స్థలం తింటాయి, తక్కువ వెడల్పు నిష్పత్తులను అనుమతించవు, లోపలి వైపు, బయటి వైపు కెపాసిటెన్సులు సమానంగా ఉండవు, పైగా సాధారణ పీడీకే ఎక్స్‌ట్రాక్షన్ (లేఔట్ నుంచి సర్క్యూట్ కొలతలను రాబట్టే దశ) వాటి వెడల్పును సరిగా లెక్కించదు. తక్కువ ఎత్తు కక్ష్యలో కొద్ది సంవత్సరాలు ఉండే పేలోడ్‌కు ఈ ప్రాసెస్‌లో చిప్ అంతటా వలయ గేట్లు పెట్టడం నాకు సమంజసంగా తోచదు. ఆ స్థలాన్ని దూరాల కోసం దాచుకోవడం మేలు. చిప్ పక్కనే బోర్డుపై ఉండే బైపోలార్ వోల్టేజి రెగ్యులేటర్‌ను మరిచిపోవద్దు. కొన్ని బైపోలార్ భాగాలు మోతాదు వేగంగా వచ్చినప్పటికంటే అంతరిక్షంలో వలె నెమ్మదిగా వచ్చినప్పుడే ఎక్కువ చెడిపోతాయని 1991 నుంచి తెలుసు.

అయాన్ దెబ్బను కరెంటుగా రాయడం

సిలికాన్‌లో ఒక ఎలక్ట్రాన్, హోల్ జంట పుట్టడానికి 3.6 ఎలక్ట్రాన్‌వోల్టులు కావాలి. దీని నుంచి లెక్క వేస్తే 1 యూనిట్ లెట్ గల అయాన్ ప్రతి మైక్రాన్ దారిలో దాదాపు 10.35 ఫెమ్టోకూలంబ్‌ల ఛార్జిని వదులుతుంది. ఛార్జి సేకరణ లోతు 1 మైక్రాన్ అనుకుంటే 30 యూనిట్ల అయాన్ ఇచ్చేది సుమారు 310 ఫెమ్టోకూలంబ్‌లు. లోతును 2 మైక్రాన్లుగా తీసుకుని కూడా ఒకసారి చేయండి, ఎందుకంటే ఈ మొత్తం లెక్కలో అతి బలహీనమైన ఊహ అదే.

ఈ ఛార్జిని రెండు ఎక్స్‌పొనెన్షియల్‌ల తేడాగా ఉండే కరెంటు పల్స్‌గా పంపుతారు. తగ్గే కాలాంకం 200 పికోసెకన్లు, పెరిగే కాలాంకం 50 పికోసెకన్లు అన్నవి చాలాకాలంగా వాడుకలో ఉన్న విలువలు. మొత్తం ఛార్జిని ఈ రెండు కాలాంకాల తేడాతో, అంటే 150 పికోసెకన్లతో భాగిస్తే పల్స్ గుణకం వస్తుంది. 310 ఫెమ్టోకూలంబ్‌లకు అది 2.07 మిల్లీఆంపియర్లు, అసలు శిఖరం మాత్రం అందులో సగానికి కాస్త తక్కువ. ఎన్‌జీస్పైస్‌లోని ఎక్స్‌పొనెన్షియల్ కరెంటు సోర్స్‌లో పెరగడం మొదలయ్యే సమయాన్నీ తగ్గడం మొదలయ్యే సమయాన్నీ ఒకే విలువగా, ఉదాహరణకు రెండింటినీ 1 నానోసెకనుగా ఇస్తే సరిగ్గా ఈ ఆకారమే వస్తుంది. రెండవ సమయాన్ని ఖాళీగా వదిలితే సిమ్యులేటర్ తనకు తోచిన విలువ వేసుకుంటుంది, ఛార్జి లెక్క తప్పుతుంది.

దిశ విషయంలో జాగ్రత్త అవసరం. సున్నితంగా ఉండేది ఆఫ్‌లో ఉన్న ట్రాన్సిస్టర్ డ్రెయిన్ మాత్రమే. నోడ్ 1లో ఉంటే ఆఫ్‌లో ఉన్న ఎన్‌మాస్ దానిని కిందికి లాగుతుంది కాబట్టి కరెంటు నోడ్ నుంచి గ్రౌండ్‌కు పోవాలి; నోడ్ 0లో ఉంటే ఆఫ్‌లో ఉన్న పీమాస్ దానిని పైకి నెడుతుంది కాబట్టి కరెంటు సప్లై నుంచి నోడ్‌లోకి రావాలి. పల్స్ సమయంలో నోడ్ వోల్టేజి గ్రౌండ్ కంటే ఒకటి రెండు వోల్టులు కిందికి దిగినట్లు కనిపిస్తే, సోర్స్ ప్రకృతిలో సాధ్యం కాని కరెంటును బలవంతంగా లాగుతోందని అర్థం. నిజమైన జంక్షన్‌లో వోల్టేజి పడిపోగానే సేకరణ మందగించి పల్స్ పొడవవుతుంది. అప్పుడు నోడ్ వోల్టేజిని బట్టి తగ్గే సోర్స్‌ను రాసుకోవాలి.

తరువాత ఛార్జిని 0 నుంచి 1000 ఫెమ్టోకూలంబ్‌ల మధ్య సగం చొప్పున కుదిస్తూ వెతికితే పదిసార్ల సిమ్యులేషన్‌లో ఒక ఫెమ్టోకూలంబ్ ఖచ్చితత్వంతో క్రిటికల్ ఛార్జి, అంటే బిట్‌ను తిరగేయగల కనీస ఛార్జి, దొరుకుతుంది. సప్లైని 1.62 వోల్టులకు తగ్గించి, ఉష్ణోగ్రతను 125 డిగ్రీలకు పెంచి, నిల్వ 0 ఉన్నప్పుడూ 1 ఉన్నప్పుడూ, క్లాకు అంచుకు ముందూ వెనుకా ఇదే వెతుకులాటను తిరిగి చేయాలి. పైథాన్‌లో చిన్న స్క్రిప్టు రాసుకుంటే రాత్రికి రాత్రే అన్నీ పూర్తవుతాయి. వచ్చిన విలువల్లో అతి తక్కువదే మీ సర్క్యూట్ విలువ. సగటును ఎప్పుడూ చూపవద్దు.

సర్క్యూట్ ఎంపిక

సాధారణ లాచ్ ఈ పరీక్షలో 30 యూనిట్ల దరిదాపులకు కూడా రాదు. అప్పుడు ముందున్న మార్గాల్లో ఒకటి 1996లో ప్రకటించిన డైస్ సెల్. రెండు నోడ్‌లకు బదులు నాలుగు నోడ్‌లలో విలువను దాచుకునే ఈ 12 ట్రాన్సిస్టర్ల సెల్‌లో ఒక్క నోడ్ దెబ్బతింటే మిగిలినవి దానిని తిరిగి నిలబెడతాయి. రెండవది ప్రతి ఫ్లిప్‌ఫ్లాప్‌నూ మూడుగా పెట్టి, మూడింటిలో రెండు చెప్పిన విలువనే తీసుకునే మెజారిటీ వోటర్‌తో కలపడం. పెద్ద మెమొరీకి ఈ రెండూ దండగ. 32 బిట్లకు 7 అదనపు బిట్లు చేర్చి ఒక తప్పును సరిదిద్ది రెండు తప్పులను పసిగట్టే కోడ్ వాడి, మెమొరీని ఎప్పటికప్పుడు చదివి తిరిగి రాస్తూ ఉండాలి.

మూడు ప్రతుల పద్ధతిలో సాఫ్ట్‌వేర్ వల్లే ఒక చిక్కు వస్తుంది. కోడ్‌ను గేట్లుగా మార్చే సింథసిస్ సాధనం చేసే పనుల్లో ఒకటి అనవసరమైన లాజిక్‌ను తీసివేయడం. ఒకే ఇన్‌పుట్‌లున్న మూడు ఫ్లిప్‌ఫ్లాప్‌లు దాని కంటికి అనవసరమైనవే. యోసిస్ వాటిని నిశ్శబ్దంగా ఒకటిగా కలిపేస్తుంది, సిమ్యులేషన్ మాత్రం యథావిధిగా పాసవుతుంది. ప్రతులకు కీప్ గుర్తు పెట్టి, మాడ్యూళ్ల హద్దులు చెరగకుండా ఉంచి, సింథసిస్ తరువాత ఫ్లిప్‌ఫ్లాప్‌ల సంఖ్య మూడింతలుగానే ఉందో లేదో లెక్కించండి. వోటర్ ఒక్కటే ఉంటే దెబ్బ దానికే తగలవచ్చు కాబట్టి వోటర్లను కూడా మూడు పెట్టాలి. రీసెట్, క్లాకు తీగలపై పుట్టే ఒక్క పల్స్ మూడు ప్రతులనూ ఒకేసారి చెరపగలదు కనుక వాటిని కూడా వేర్వేరుగా నడపాలి.

లేఔట్‌లో తేలేది

అయాన్ వదిలిన ఛార్జి ఒక్క డ్రెయిన్ వద్దే ఆగదు. సిలికాన్‌లో వ్యాపించి పక్క డ్రెయిన్‌లను కూడా చేరుతుంది. డైస్ సెల్ ఒక్క నోడ్ దెబ్బకు మాత్రమే నిలుస్తుంది. కాబట్టి ఆ సెల్‌ను సాధారణ సెల్ అంత ఇరుకుగా అమర్చితే అదనపు ట్రాన్సిస్టర్ల ఖర్చు మీద పడుతుంది గాని రక్షణ మాత్రం పోతుంది.

ఏ జంటలు ప్రమాదకరమో ముందే తెలుసుకోవచ్చు. డైస్ సెల్ ఒక స్థితిలో ఉన్నప్పుడు ఆఫ్‌లో ఉండే నిల్వ డ్రెయిన్‌లు నాలుగు: రెండు ఎన్‌మాస్‌వి, రెండు పీమాస్‌వి. వాటి నుంచి ఆరు జంటలు వస్తాయి, రెండు స్థితులకు కలిపి పన్నెండు. ప్రతి జంటలోనూ రెండు నోడ్‌లకు ఒకేసారి పల్స్‌లు ఇచ్చి, ఛార్జిని సమంగానూ మూడింట రెండు, ఒకటి వంతులుగానూ పంచి, ఏ జంటలకు సెల్ తిరగబడుతుందో పట్టికగా రాయండి. ఆ జంటలను లేఔట్‌లో దూరంగా పెట్టాలి, తిరగబడని జంటలు పక్కపక్కనే ఉన్నా ఫరవాలేదు. దీనికి చక్కని ఉపాయం రెండు లేదా నాలుగు డైస్ సెల్‌లను ఒకదానిలో ఒకటి అల్లడం. మొదటి సెల్ ప్రమాదకర నోడ్‌ల మధ్య రెండవ సెల్ నోడ్ వస్తుంది. దూరం పెరుగుతుంది, స్థలం వృథా కాదు.

ట్రాన్సిస్టర్ల చుట్టూ కాంటాక్టులతో వేసే వలయాలు, అంటే గార్డ్ రింగ్‌లు, అన్నిచోట్లా ఒకే విధంగా ఉపయోగపడవు. పీమాస్‌లో పక్క నోడ్‌కు ఛార్జి చేరడానికి ముఖ్య కారణం పీమాస్‌లు కూర్చునే ఎన్‌వెల్ అనే ప్రాంతపు వోల్టేజి కుంగి, అందులో కోరకుండానే ఏర్పడే పరాన్న బైపోలార్ ట్రాన్సిస్టర్ మేలుకోవడం. అందువల్ల వెల్ కాంటాక్టులు దగ్గరగా పెట్టి, గార్డ్ రింగ్ చుట్టితే అక్కడ మంచి ఫలితం ఉంటుంది. ఎన్‌మాస్ వైపు ఛార్జి వ్యాపనం ద్వారా వస్తుంది కాబట్టి దూరం పెంచడమే నమ్మదగిన మార్గం. లాచప్‌కు మాత్రం రెండు వైపులా పూర్తి గార్డ్ రింగ్‌లు, దగ్గర దగ్గరగా కాంటాక్టులు ఉండాలి. ఇక్కడ స్థలం ఆదా చేయకూడదు.

దూరాలను కంటితో చూసి ఒప్పుకోకండి. కేలేఔట్‌లో పైథాన్ స్క్రిప్టుతో ప్రమాదకర జంటల డ్రెయిన్ ఆకారాల మధ్య అతి తక్కువ దూరాన్ని కొలిచి, మీరు పెట్టుకున్న హద్దుకు తగ్గితే ఎర్రర్ చూపేలా నియమం రాయండి. పక్కపక్క సెల్‌లు కలిసినప్పుడు కొత్త జంటలు పుడతాయి కనుక ఈ కొలతను ఒక్క సెల్‌పై కాక పూర్తి బ్లాకుపై చేయాలి. ఆటోమేటిక్ ప్లేస్‌మెంట్ వాడినప్పుడు మూడు ప్రతుల ఫ్లిప్‌ఫ్లాప్‌లను అది వైరు పొడవు తగ్గించడానికి ఒకేచోట కుప్పగా పేర్చుతుంది. ఒక్కో ప్రతికి ఒక్కో ప్రాంతాన్ని కేటాయించి దానిని అడ్డుకోవాలి. ఆ తరువాత లేఔట్ నుంచి పరాన్న కెపాసిటెన్సులను తీసి, క్రిటికల్ ఛార్జి వెతుకులాటను మళ్లీ మొదటి నుంచి నడపాలి. నివేదికలో ఉండవలసింది ఈ రెండవసారి వచ్చిన విలువే.

కొలతకు సిద్ధం కావడం

హద్దు దూరం ఎంత అన్నదానికి సిలికాన్ లోపల ఛార్జి కదలికను లెక్కించే త్రీడీ టీకాడ్ సిమ్యులేషన్ మంచి సమాధానం ఇస్తుంది. రెండు డ్రెయిన్‌లున్న చిన్న సిలికాన్ ముక్కను తీసుకుని, అయాన్‌ను నిటారుగానూ 60 డిగ్రీల వాలుగానూ పంపి, దూరం మారుస్తూ రెండవ డ్రెయిన్ సేకరించే ఛార్జిని గీయాలి. వాణిజ్య సాఫ్ట్‌వేర్ లేనివారు ఓపెన్ సోర్స్‌లో దొరికే డెవ్‌సిమ్‌తో ప్రయత్నించవచ్చు. ప్రోటాన్ ఢీకొన్నప్పుడు ఎగిరే ముక్కల లెక్క కావాలంటే సెర్న్ కేంద్రంగా అభివృద్ధి చేసిన జియాంట్4 ఉంది. బీటెక్ ప్రాజెక్టుకు అది అవసరమని నేను అనుకోను.

బోర్డును కళాశాల డాబాపై నెలల తరబడి నడిపి తప్పులు రాలేదని చూపడం రుజువు కాదు. నేలమీద తప్పులకు ప్రధాన కారణం వాతావరణంలో పుట్టే న్యూట్రాన్లు. ప్రమాణంగా తీసుకునే న్యూయార్క్‌లో 10 మెగా ఎలక్ట్రాన్‌వోల్టులకు పైబడినవి చదరపు సెంటీమీటరుకు గంటకు సుమారు 13. దక్షిణ భారతం మీద భూ అయస్కాంత క్షేత్రం దాదాపు 17 గిగావోల్టుల లోపు ప్రోటాన్లను అడ్డుకుంటుంది. ప్రపంచంలోనే అత్యధిక విలువల్లో ఇది ఒకటి. పైగా విజయవాడ సముద్ర మట్టానికి పెద్ద ఎత్తులో లేదు. చిప్‌ను పరీక్షించడానికి ఇంతకంటే నెమ్మదైన చోటు దొరకడం కష్టం.

నిజమైన పరీక్షకు కోబాల్ట్ 60 గామా వనరు, బరువైన అయాన్ల కిరణపుంజం కావాలి. మన దేశంలో ఢిల్లీలోని ఇంటర్ యూనివర్సిటీ యాక్సిలరేటర్ సెంటర్‌లో పెలెట్రాన్ యంత్రం అయాన్లను ఇస్తుంది. అక్కడికి వెళ్లే అవకాశం వచ్చినా రాకపోయినా, ఆ పరీక్షకు తగినట్లు చిప్‌ను ఇప్పుడే అమర్చుకోవాలి. గట్టిపరచిన ఫ్లిప్‌ఫ్లాప్‌లతో ఒక పొడవైన షిఫ్ట్ రిజిస్టర్‌ను, అంతే పొడవుతో సాధారణ ఫ్లిప్‌ఫ్లాప్‌ల రిజిస్టర్‌ను పక్కనే పెట్టండి. రెండవది లేకపోతే తప్పులు రానప్పుడు రక్షణ పనిచేసిందో, అసలు అయాన్లే తగలలేదో చెప్పలేరు. లాచప్ కరెంటును విడిగా కొలవడానికి రెండింటికీ వేర్వేరు సప్లై పిన్‌లు ఇవ్వండి. అన్నీ 0లు, అన్నీ 1లు, ఒకటి విడిచి ఒకటి అనే మూడు నమూనాలను నెమ్మది క్లాకులోనూ వేగపు క్లాకులోనూ పంపేలా చూసుకోండి. తక్కువ శక్తి గల అయాన్లు ప్యాకేజీ ప్లాస్టిక్‌ను దాటి సిలికాన్‌ను చేరలేవు కాబట్టి, పైమూత తీయడానికి వీలయ్యే ప్యాకేజీనే ఆర్డరు సమయంలో అడగండి.